స్పానిష్‌కి 5 రూల్స్ చాలంటూ తిరుగుతున్న ఆ మెసేజ్ గురించి

"స్పానిష్ గ్రామర్ మొత్తం 5 రూల్స్‌లో" అన్న మెసేజ్ మళ్ళీ వచ్చింది. తెలిసినవాళ్ళే పంపుతున్నారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాన్నే పట్టుకుని కూర్చుంటున్నారు, ఇంక ఊరుకోవడం నావల్ల కాలేదు.

"ఓ తో అయిపోతే పుంలింగం, ఆ తో అయిపోతే స్త్రీలింగం, దీనికి తిరుగులేదు" అంట. పుంలింగం ముందు ఎల్, స్త్రీలింగం ముందు లా వస్తాయి. మరి ఎల్ ప్రోబ్లేమా, ఎల్ దీయా, ఎల్ మాపా, లా మానో, లా ఫోతో సంగతేంటి? అన్నీ మొదట్లోనే వచ్చే మాటలు. సరే, తర్వాతది.

"సేర్ అంటే పర్మనెంట్, ఎస్తార్ అంటే టెంపరరీ." రెండూ ఇంగ్లీషు 'is' లాంటి క్రియలే. చనిపోయాడు అనాలంటే ఎస్తా ముఎర్తో అంటారు. చావుకంటే పర్మనెంట్ ఏముందండీ? మాద్రిద్ స్పెయిన్‌లో ఉంది అనడానికీ ఎస్తారే, ఆ ఊరు రేపు ఇంకో దేశానికి మారిపోతుందా? అటుపక్క నేను స్టూడెంట్‌ని అంటే సోయ్ ఎస్తుదియాంతే, టైమ్ మూడైంది అంటే సోన్ లాస్ త్రేస్, రెండూ మారిపోయేవే, రెండిటికీ సేరే. ఎంతకాలం ఉంటుందన్నది కాదు లెక్క. ఎవరు, ఏంటి, ఎలాంటిది అని చెప్పేది సేర్, ఏ స్థితిలో ఉంది, ఎక్కడుంది అని చెప్పేది ఎస్తార్ (పార్టీ, పెళ్ళి ఎక్కడ జరుగుతుందో చెప్పాలంటే మాత్రం మళ్ళీ సేరే). ఎస్ అబుర్రీదో అంటే బోర్ కొట్టించే మనిషి, ఎస్తా అబుర్రీదో అంటే వాడికే బోర్ కొడుతోంది.

"గుస్తార్ అంటే ఐ లైక్, తిరగేసి బట్టీ పట్టండి." ఇంగ్లీషువాళ్ళకి తిరగేసినట్టు ఉంటుంది, మనకెందుకు? మే గుస్తా ఎల్ కఫే, నాకు కాఫీ నచ్చుతుంది. మే గుస్తాన్ లోస్ మాంగోస్, నాకు మామిడిపళ్ళు నచ్చుతాయి. క్రియ మారడం కూడా మనలాగే.

ఇంక నాలుగోది, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, సబ్‌జంక్టివ్ (కోరిక, సందేహం, ఇంకా జరగనిది చెప్పేటప్పుడు క్రియ తీసుకునే రూపం) గురించి. "సబ్‌జంక్టివ్ పుస్తకాల్లోనే ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఎవరూ వాడరు, స్కిప్ చేసెయ్యండి." ఇది రాసినాయన స్పానిష్ మాట్లాడే ఇంట్లో ఒక్క పూట కూర్చున్నాడా అసలు? స్పెయిన్‌లో భోంచేస్తున్నవాళ్ళతో కె అప్రోవేచే అంటారు, వెళ్ళొస్తానన్నవాళ్ళతో కె తే వాయా బియెన్, పడుకోబోయేవాళ్ళతో కె దెస్కాన్సేస్, చేరాక ఫోన్ చెయ్యి అని అమ్మ చెప్పాలన్నా క్వాందో యేగేస్, యామమే. అన్నిట్లోనూ సబ్‌జంక్టివే ఉంది. పిల్లాణ్ణి అరవకు అనాలంటే నో గ్రీతేస్, అదీ అదే రూపం. ఎవరూ వాడరంట!

పైగా ఈ తేడా తెలుగువాళ్ళకి కొత్త కూడా కాదు. నువ్వు వస్తున్నావని తెలుసు, నువ్వు రావాలని ఉంది, ఈ రెండిట్లో మనమే క్రియ మార్చేస్తున్నాం కదా, స్పానిష్‌లోనూ అంతే, సే కె వియెనేస్, కియెరో కె వేంగాస్. ఇంకోటి చూడండి. ఔంకే య్వేవే, సాల్గో అంటే వాన పడుతున్నా బయటికి వెళ్తా, వాన కళ్ళముందే ఉంది. ఔంకే య్వేవా, సాల్గో అంటే మామూలుగా వాన పడినా వెళ్తా అని, పడుతుందో లేదో ఇంకా తెలీదు. ఇంగ్లీషులో చెప్పిన రూల్ చదివి బుర్ర పాడుచేసుకునే బదులు ఈ వాక్యాలు నాలుగుసార్లు పైకి అనుకుంటే విషయం సగం అర్థమైపోతుంది, అలాంటిదాన్ని పట్టుకుని స్కిప్ చెయ్యమంటే కోపం రాదా?

ఐదోది, "వోసోత్రోస్ నేర్చుకోనక్కర్లేదు." వోసోత్రోస్ అంటే స్పెయిన్‌లో దగ్గరివాళ్ళని మీరందరూ అనే మాట. ఇది మాత్రం ఒప్పుకుంటా. లాటిన్ అమెరికాలో మీరందరూ అనడానికి ఉస్తేదేస్సే వాడతారు, స్పెయిన్‌కి చెందిన కెనరీ దీవుల్లో కూడా ఎక్కువగా అదే. మాద్రిద్‌లో ఉస్తేదేస్ అన్నా కాస్త మర్యాద ఎక్కువైనట్టు వినిపిస్తుందేమో గానీ అర్థం కాకపోదు. అక్కడ ఉండటానికి వెళ్ళేవాళ్ళు నేర్చుకోండి, మిగతావాళ్ళు ఆ టైమ్ తీసుకెళ్ళి సబ్‌జంక్టివ్ మీద పెట్టండి.