బాయిలెండినయి, బైలూరినయి

"బై నాయనమ్మా" అని మావాడు బ్యాగు భుజాన వేసుకుని చెయ్యి ఊపాడు. బియ్యం చెరుగుతున్న మా అమ్మ చేట కింద పెట్టి, "బాయి కాడికా? గీ ఎండల గాడేం పని బిడ్డా?" అంది.

వాడు పోతున్నది హైదరాబాదు హాస్టలుకు. మా బాయిలో నీళ్లు కనిపించి ఇరవై ఏండ్లయింది. ఫ్లోరైడు నీళ్లే అయినా ఒకప్పుడు నిండుగా ఉండేవి. ఇప్పుడు నల్లగొండ పల్లెల్లో బాయిలు ఎండిపోయి, బైలు మాత్రం ఇంటింటా ఊరుతున్నాయి. కాబట్టి మా అమ్మ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకుండా, జిల్లా ప్రజల క్షేమం దృష్ట్యా నేనే ఏకసభ్య కమిటీగా ఏర్పడి విచారణ జరిపాను. తేలిన విషయాలు ఆందోళనకరంగా ఉన్నాయి.

గుడ్‌బై అనేది పలకరింపు కాదు, ప్రార్థన. 'గాడ్ బి విత్ యి', అంటే దేవుడు నీకు తోడుండుగాక. ఇంగ్లిషువాళ్ల నోళ్లలో నలిగి నలిగి అది 1570ల నాటికే 'గాడ్‌బ్వై' అయింది. ఆ తర్వాత గుడ్ డే, గుడ్ ఈవెనింగ్‌ల సావాసం పట్టి గాడ్ కాస్తా గుడ్ అయ్యాడు. కొన్నాళ్లకు ఆ గుడ్ కూడా రాలిపోయి ఒట్టి బై మిగిలింది.

ఈ సంగతి తెలియగానే నాకు మా వీధి మామ గుర్తొచ్చాడు. ఆయన ఎర్రజెండా మనిషి. 1952 ఎన్నికల్లో మా నల్లగొండ రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లేసిందని ఇప్పటికీ చాయ్ తాగిన ప్రతిసారీ గుర్తుచేస్తాడు. గుడి చందా అడిగితే తలుపు వేసుకుంటాడు. గడియారం సెంటర్లో స్నేహితులు "ఖుదా హాఫిజ్" అంటే, అందులో దేవుడున్నాడని పిడికిలెత్తి "లాల్ సలాం" అని జాగ్రత్తగా తప్పించుకుంటాడు. అలాంటి మనిషి ఫోన్లో రోజుకు ఇరవైసార్లు బై అంటున్నాడు!

"మామా, నువ్వు పొద్దుగాల లేస్తే దేవుణ్ణే తలుస్తున్నవ్" అని విషయం విప్పి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "ఆలోచించి చెప్త" అన్నాడు. ఆ పూట చాయ్ సగంలోనే వదిలేశాడు.

ఫేర్‌వెల్ సంగతి ఇంకా విచిత్రం. ఆ మాటకు అసలు అర్థం 'ప్రయాణం బాగా సాగనీ' అని. బస్సు ఛార్జీని ఫేర్ అంటారే, అదీ దీని చుట్టమే. మనవాళ్లు దీన్ని రిటైరైన ఉద్యోగికి శాలువా కప్పి చెప్తారు. ఆయన ప్రయాణం చేసేది ఎక్కడికి? మర్నాడు పదిన్నరకు అదే ఆఫీసుకు, పింఛను ఫైలు కోసం. నాకు తెలిసిన ఒకాయన సర్వీసులో ఉండగా అంత క్రమం తప్పకుండా ఆఫీసుకు పోయినట్టు దాఖలాలు లేవు.

ఇక వాడకానికి వస్తే, ఇంగ్లిషువాళ్లు మాట ముగించడానికి బై చెప్తారు. మనం మొదలుపెట్టడానికి చెప్తాం. మిర్యాలగూడ నుంచి మా బావ ఫోన్ చేస్తాడు. వానలు, వడ్ల ధర, మిల్లు దగ్గర ట్రాక్టర్ల లైను అయ్యాక, "సరే మరి, ఉంట, బై" అంటాడు. ఇది మొదటి బై. "ఆఁ, అన్నట్టు" అని అక్క మోకాళ్ల నొప్పులు ఎత్తుకుంటాడు. రెండో బై అవుతుంది. నేను ఫోన్ చెవి నుంచి తియ్యబోతుంటే, "బామ్మర్దీ, ఏం లేదు గని, చిట్టి ఎత్తేదాంక ఓ పదివేలు..." అసలు సంగతి మూడో బైకి గాని బయటికి రాదు. రెండో బైకే ఫోన్ పెట్టేసేవాళ్లు ఆర్థికంగా బాగుపడతారు గాని, చుట్టరికాలు నిలవవు.

బస్టాండులోనైతే ఈ మాట మనిషిని నిలువునా ఇరికిస్తుంది. మావాడు కిటికీలోంచి బై అన్నాడు, నేనూ అన్నాను. బస్సు కదల్లేదు. డ్రైవరు చాయ్‌కి దిగాడు. చెప్పాల్సిన చివరి మాట చెప్పేశాక, ఇంకా ఎదురెదురుగా ఉన్న ఇద్దరు మనుషులు ఏం మాట్లాడుకోవాలి? ఇద్దరం పావుగంట నవ్వు మొహాలు పెట్టుకుని నిలబడ్డాం. వాడికైనా ఫోనుంది.

మా అమ్మకు ఈ ఇబ్బంది లేదు. ఆమె చట్టంలో 'పోత' అనడమే నేరం. పోయిండు అంటే సచ్చిపోయిండని కదా. "పోయొస్త అను" అని గడప దగ్గరే ఆపి అనిపిస్తుంది. చూడబోతే అది వీడ్కోలు కాదు, బాండు పేపరు. తిరిగొస్తానని రాసిస్తే గాని గడప దాటనివ్వదు. బైలో అలాంటి పూచీ ఎక్కడుంది? పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కే కూలీలకు ఇంట్లోవాళ్లు చెప్పేది కూడా బై కాదు, "పైలం బిడ్డా" అనే. ఆ బస్సు దగ్గర కమిటీ ఎవరినీ ప్రశ్నలు అడగలేదు.

నాలుగో రోజు మామ మా ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"అంత ఆలోచించిన్రా. గాడ్‌ను ఇంగ్లిషోళ్లే గుడ్ చేసిన్రు. గుడ్ గూడ పాయె. ఇగ మిగిలిందేంది? 'తోడుండు' అనే గద? తోడుండుమనుడు మా పార్టీ లైనే!"

కమిటీ దగ్గర దీనికి జవాబు లేదు. మా అమ్మ తెచ్చిన చాయ్ ఈసారి అడుగంటా తాగి లేచాడు. గడప దగ్గర "పోయొస్త చెల్లె" అని మా అమ్మకు, "బై రా" అని నాకు ఎవరికి చెప్పాల్సింది వాళ్లకు చెప్పి గేటు దాటాడు. నేను లోపలికి తిరిగాను.

"ఆఁ, అన్నట్టు..." అని వెనక నుంచి వినిపించింది. మామ గేటు దగ్గరే నిలబడి సంచిలోంచి చందా రసీదు పుస్తకం తీస్తున్నాడు.