ఓడిపోవడానికీ ఒక చోటుండాలి

దసరాకి అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చూడని కోనసీమవాళ్ళు అరుదు. కత్తులు గిరగిరా తిరుగుతాయి, కర్రలు గాలిని కోస్తాయి. కళ్ళకు గంతలు కట్టుకున్నవాడు ఎదుటి మనిషి ఒంటిమీద పెట్టిన కూరగాయను ఒక్క వేటుతో రెండు ముక్కలు చేస్తాడు. చూసేవాళ్ళు ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ఈలలేస్తారు. ఊరేగింపులో మనకు కనిపించేది అంతవరకే. దాని వెనకున్న సాధన సంగతి కర్రసాము నేర్చిన ఎవరినడిగినా చెబుతారు. మొదట్లో చాలా రోజులు దెబ్బలు తినడంతోనే సరిపోయిందంటారు. ఎదుటివాడు నిజంగా కొట్టబోతేనే మన కాలు ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది.

సైనిక విన్యాసాల్లోనూ ఇలాగే రెండు రకాలున్నాయి. పోఖ్రాన్ ఎడారిలో జరిగే 'వాయుశక్తి' లాంటివి మొదటి రకం. ముందే నిలబెట్టిన లక్ష్యాలను చెప్పిన నిమిషానికి పేల్చడం, పెద్దలు వేదిక మీంచి చూడటం, టీవీలో రావడం. దానికీ ఒక ప్రయోజనం ఉంది, కాదనం. రెండో రకంలో శత్రువు వేషం వేసిన పైలట్లు మనవాళ్ళను ఓడించడానికి నిజంగానే ప్రయత్నిస్తారు, చాలాసార్లు ఓడిస్తారు కూడా. అది చూడటానికి వేదికలుండవు. ఈ రెండోదాని గురించి గోదావరి జిల్లాల్లో ఎందుకు మాట్లాడుకోవాలని ఎవరైనా అడగొచ్చు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే రోజు విశాఖపట్నం మీద కూడా. బంగాళాఖాతంలోకి వచ్చిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలవి. వాటిని అడ్డుకోవడానికి మన తీరంలో అప్పుడు చెప్పుకోదగ్గ ఏర్పాటే లేదు. అటు మద్రాసులో జనం ఊరు విడిచి వెళ్ళిపోయారు, ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్ళకు తరలిపోయాయి. ఈ తీరం అప్పుడు నౌకల రేవు మాత్రమే. ఇప్పుడు గాడిమొగలో, ఓడలరేవులో సముద్రం నుంచి వచ్చే గ్యాసును అందుకునే టెర్మినళ్ళున్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ కింద పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఉంది. ఆకాశం నుంచి వచ్చే ముప్పు సరిహద్దు రాష్ట్రాలకే పరిమితమని అనుకోవడానికి మనకు హక్కు లేదు.

నిజమైన పోరుకు దగ్గరగా ఉండే ఈ శిక్షణ పుట్టిందే ఓటమి నుంచి. కొరియా యుద్ధంలో తమ విమానం ఒకటి పోతే శత్రువువి పది కూల్చామని అమెరికా చెప్పుకుంది. వియత్నాం వచ్చేసరికి ఆ లెక్క దాదాపు ఒకటికి రెండు దగ్గరకు పడిపోయింది. విమానాలు పాతవేం కాదు, క్షిపణులు కొత్తవి. క్షిపణి ఉంటే ఇక దగ్గరికొచ్చి పోరాడే అవసరమే రాదనుకున్నారు. ప్రమాదాలు జరుగుతాయన్న భయంతో గాలిలో ముఖాముఖి పోరు సాధనను తగ్గించేశారు. ఎవరి స్క్వాడ్రన్ (విమాన దళం) వాళ్ళు తమలో తాము, ఒకే రకం విమానాలతో సాధన చేసేవారు. చిన్నగా, చురుగ్గా తిరిగే శత్రువు మిగ్ విమానం ఎదురైతే ఏం చేయాలో చాలామంది మొదటిసారి అక్కడే, ప్రాణం పణంగా పెట్టి నేర్చుకోవాల్సి వచ్చింది. అమెరికా నావికాదళం ముందుగా మేలుకుని 1969లోనే మిరామార్‌లో ప్రత్యేక పాఠశాల పెట్టింది. యుద్ధం చివరి దశలో దాని పైలట్ల ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి.

ఆ యుద్ధంలో జరిగిన ఒక్కో పోరును విప్పి చూసిన అధ్యయనంలో ఒక విషయం తేలింది. మొదటి పది యుద్ధ సార్టీలు (విమానం ఒకసారి లేచి, పని చేసి, దిగితే ఒక సార్టీ) దాటి బతికిన పైలట్ ఆ తర్వాత కూడా బతికే అవకాశం బాగా పెరుగుతుంది. మరి ఆ పది సార్టీలను యుద్ధానికి ముందే, ప్రాణం పోని చోట చేయిస్తే ఎలా ఉంటుంది? రిచర్డ్ సూటర్ అనే అధికారి పట్టుబట్టి ముందుకు తెచ్చిన ఆలోచన ఇది. 1975 నవంబరులో నెవాడాలోని నెల్లిస్ స్థావరంలో మొదటి 'రెడ్ ఫ్లాగ్' అలా జరిగింది. దానికి వాడుకునే నేల 29 లక్షల ఎకరాలు. అంటే ధవళేశ్వరం కింద తడిసే నేలకు దాదాపు మూడింతల ఎడారి.

అక్కడ శత్రువు వేషం వేసే ఎర్ర జట్టంటే మొక్కుబడిగా నిలబెట్టిన ప్రత్యర్థి కాదు. శత్రువు విమానాల రంగులు వేసుకుని, శత్రువు పద్ధతిలోనే ఆలోచించి ఎగరడమే ఏడాది పొడుగునా వాళ్ళ పని. నేల మీద నకిలీ రాడార్లు పెట్టి క్షిపణి గురి పెట్టినట్టే సంకేతాలు పంపుతారు. కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగుతుంది, గుండె దడదడలాడుతుంది. ఒక్కో విడతలో పదుల కొద్దీ విమానాలు ఒకేసారి గాలిలో ఉంటాయి. బాంబులు వేసేవి, వాటికి కాపలా వచ్చేవి, శత్రువు రాడార్ల నోరు మూయించేవి, ఇంధనం నింపేవి, అంత దూరం నుంచే అంతా గమనిస్తూ దారి చెప్పేవి. గట్టిగా మలుపు తిరిగితే శరీరం మీద తొమ్మిది రెట్ల భారం పడుతుంది. 70 కిలోల మనిషి ఆ క్షణాల్లో 630 కిలోల బరువవుతాడు. తల నుంచి రక్తం కిందికి జారి చూపు మసకబారుతుంది. ఆ స్థితిలోనే రేడియోలో నాలుగు గొంతులు విని, ఏది తన నాయకుడిదో గుర్తుపట్టి, మూడు సెకన్లలో నిర్ణయం తీసుకోవాలి. సిమ్యులేటర్లు మంచివే, ఖర్చు తగ్గిస్తాయి. కానీ ఈ భారాన్ని, ఈ అలసటను కుర్చీలో కూర్చోబెట్టి ఇవ్వడం ఎవరి వల్లా కాదు.

మాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది విమానం దిగిన తర్వాత జరిగే పని. ప్రతి విమానానికీ కట్టిన పరికరం దాని కదలికలన్నీ నమోదు చేస్తుంది. గదిలో పెద్ద తెర మీద మొత్తం పోరును మళ్ళీ వేస్తారు. ఏ నిమిషంలో ఎవరు ఎక్కడ తప్పారో అందరి ముందూ తేలిపోతుంది. గంటన్నర ఎగిరితే చర్చ అంతకంటే ఎక్కువసేపు నడుస్తుంది. అక్కడ హోదాలు పనిచేయవు. నిన్నమొన్న వచ్చిన కుర్ర పైలట్ లేచి, 'సార్, మీరు ఆ మలుపు ముందే తీసుకున్నారు, నేను ఒంటరినైపోయాను' అని తన కమాండర్‌తో చెప్పగలగాలి. ఆ కమాండర్ తల ఊపి రాసుకోగలగాలి. పెద్దవాళ్ళ ముందు నోరెత్తకూడదని పిల్లలకు నేర్పే సమాజం మనది. మన ఆఫీసుల్లో, మన పార్టీల్లో, మన ఇళ్ళలో ఇలాంటి గది ఒకటైనా ఉందా?

ఇదంతా ఎందుకో చెప్పడానికి ఒక్క ఉదయం చాలు. 2019 ఫిబ్రవరి 27న కశ్మీరు ఆకాశంలో రెండు దేశాల విమానాలు తలపడుతున్న సమయంలో శ్రీనగర్ దగ్గర బుద్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్ కూలిపోయింది. కూల్చింది మన క్షిపణే. అందులోని ఆరుగురు వైమానికులు, నేల మీద ఒక పౌరుడు ప్రాణాలు కోల్పోయారు. అది తమ పెద్ద తప్పేనని అదే ఏడాది అక్టోబరులో అప్పటి వైమానిక దళాధిపతి భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. అక్కడ మనవాళ్ళకు ధైర్యం తక్కువై కాదు, ఆయుధం లేకా కాదు. తెర మీద కనిపించే చుక్క మనదా పరాయిదా అని ఆ గందరగోళంలో, ఆ టెన్షన్‌లో సరిగ్గా తేల్చుకోలేకపోయారు. అలాంటి గందరగోళాన్ని కావాలని సృష్టించి, అందులో మనుషులను పదే పదే దింపితే తప్ప అలవాటు కాదు. విన్యాసంలో మన విమానాన్ని మనమే 'కూల్చుకుంటే' ఆ రాత్రి గదిలో తల దించుకుంటాం, తెల్లారి పద్ధతి మార్చుకుంటాం. బుద్గాంలో ఏడు ఇళ్ళు చీకటైపోయాయి.

2025 మే నెలలో పాకిస్తాన్‌తో జరిగిన పోరులో మొదటి రోజు మనకూ నష్టం జరిగిందని, ఎందుకు జరిగిందో గుర్తించి రెండు రోజుల్లో వ్యూహం సరిదిద్దుకుని మళ్ళీ విమానాలు ఎగరేశామని అప్పటి త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ సింగపూర్‌లో చెప్పారు. ఆ మాట మీద మన దగ్గర చాలా రభస జరిగింది. మేం మాత్రం ఆ మాటలో బలమే చూశాం. తప్పును రెండు రోజుల్లో పసిగట్టగలిగారంటే విప్పి చూసుకునే అలవాటు దళంలో ఉన్నట్టే. అదే తప్పు యుద్ధానికి రెండేళ్ళ ముందు ఏదో ఒక విన్యాసంలో బయటపడి ఉంటే ఇంకా బాగుండేదన్నదే మా వాదన.

మనవాళ్ళు ఈ దారిలో కొత్తవాళ్ళేం కాదు. పోరు వ్యూహాలను పరీక్షించి, నేర్పడానికి 1971లోనే పుట్టిన 'టాక్‌డే' సంస్థ ఇప్పుడు గ్వాలియర్ నుంచి పనిచేస్తోంది. 2008లో మన సుఖోయ్‌లు నెల్లిస్ వెళ్ళి రెడ్ ఫ్లాగ్‌లో పాల్గొన్నాయి. 2016లో సుఖోయ్‌లు, జాగ్వార్లు అలాస్కా వెళ్ళాయి. 2024లో రఫేల్ విమానాలూ అక్కడికి వెళ్ళొచ్చాయి. అదే ఏడాది 'తరంగ్ శక్తి' పేరుతో సూలూరులో, జోధ్‌పూర్‌లో పది దేశాల దాకా మనమే పిలిచి విన్యాసాలు జరిపాం. ఇవన్నీ మంచి అడుగులే. కానీ వీటిని మేం, మాలాంటి పత్రికలు రాసే తీరు మారాలి. 2004లో గ్వాలియర్‌లో అమెరికా ఎఫ్-15లతో మన విమానాలు తలపడి వాళ్ళను ఆశ్చర్యపరిచాయి. అది క్రికెట్ స్కోరులా ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ పోరులో ఎవరి వైపు ఎన్ని విమానాలు, ఏ ఆయుధాలు వాడకూడదని ఒప్పుకున్నారన్నది ఎవరూ అడగరు. స్కోరు కోసం రాస్తే అధికారులు స్కోరు కోసం ఆడతారు. అప్పుడు విన్యాసం కాస్తా ఊరేగింపయిపోతుంది.

శిక్షణను మన ప్రభుత్వాలు ఎంత నెమ్మదిగా పట్టించుకుంటాయో చెప్పాలంటే హాక్ విమానం కథ చాలు. ప్రాథమిక శిక్షణకూ యుద్ధ విమానానికీ మధ్య ఒక మెట్టు కావాలని, అందుకు ఆధునిక జెట్ ట్రెయినర్ కొనాలని 1982లో వేసిన లా ఫాంటెయిన్ కమిటీ చెప్పింది. ఒప్పందం కుదిరింది 2004లో. విమానాలు దళంలో చేరింది 2008లో. ఆ పాతికేళ్ళూ ఇరవై దాటిన పిల్లలు ఆ మెట్టు లేకుండానే మిగ్-21 లాంటి వేగమైన, క్షమించని విమానాల్లోకి ఎక్కారు. ఎంతమంది తల్లులు దానికి మూల్యం చెల్లించారో. 2025 సెప్టెంబరులో మిగ్-21కి చివరి వీడ్కోలు పలికాక మనకు మిగిలిన పోరాట స్క్వాడ్రన్లు 29. ఉండాల్సినవి 42. ఉన్నవి తక్కువైనప్పుడు ఒక్కో పైలట్ ఇంకా ఎక్కువ ఎగరాలి. కానీ విమానాలు తక్కువైతే, అరుగుతాయన్న భయంతో మొదట కోత పడేది శిక్షణ గంటలకే. కొత్త విమానం కొంటే ఫొటో ఉంటుంది, రిబ్బన్ కట్ చేయడం ఉంటుంది. ఎగిరే గంటలకు రిబ్బన్ ఉండదు. బడ్జెట్‌లో ఇంధనానికి, విడిభాగాలకు, ఎర్ర జట్టుకు ప్రత్యేకంగా విమానాలు కేటాయించడానికి ఎంత పెట్టారో మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. గోదావరి జిల్లాల ఎంపీలే మొదట అడిగితే మాకు గర్వంగా ఉంటుంది.

నిజానికి దగ్గరగా సాధన చేస్తే ప్రమాదాలూ ఉంటాయి. 2023 జనవరిలో గ్వాలియర్ నుంచి శిక్షణకు లేచిన సుఖోయ్, మిరాజ్ విమానాలు కూలి ఒక పైలట్ చనిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో దుండిగల్ నుంచి లేచిన శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు పోయారు. ప్రతి ప్రమాదం తర్వాతా శిక్షణ తగ్గించాలన్న గొంతు వినిపిస్తుంది. వియత్నాంకు ముందు అమెరికా చేసింది సరిగ్గా అదే. ప్రమాదం ఎందుకు జరిగిందో నిజాయితీగా తేల్చి, ఆ నివేదిక సారాంశాన్ని కుటుంబాలకు చెప్పి, సాధన కొనసాగించడమే సరైన దారి.

నెవాడా లాంటి ఎడారి మనకు లేదు. ఉన్న పోఖ్రాన్ ఇరుకే. మన ఓడిపోయే చోటు ఎక్కువగా సముద్రమే కావాలి, తూర్పు తీరానికి అది అంతులేనంత ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంకలో క్షిపణి పరీక్షలు జరుగుతున్నాయి. ఆ వైపే జాతీయ రహదారి మీద కట్టిన రన్‌వేపై 2024 మార్చిలో సుఖోయ్, హాక్ విమానాలు విన్యాసం చేశాయి, ఏఎన్-32 దిగి లేచింది. కాకినాడ తీరంలో 2019లో అమెరికా దళాలతో విపత్తు సహాయ విన్యాసాలు జరిగాయి. ముందు ముందు ఇవి పెరుగుతాయి, పెరగాలి. ఆ పని మొదలయ్యేలోపు పౌర యంత్రాంగం కూడా తన వంతు సాధన చేయాలి. పాశర్లపూడి గ్యాస్ బావి మంటను 1995లో రెండు నెలలకు పైగా చూసినవాళ్ళం, 2014లో గ్యాస్ పైపులైను పేలి 'నగరం' అనే గ్రామం కాలిపోవడం చూసినవాళ్ళం. అయినా మన మాక్ డ్రిల్ అంటే ముందురోజే అందరికీ చెప్పి, పదకొండింటికి సైరన్ మోగించి, పన్నెండుకల్లా టిఫిన్ పెట్టి పంపేయడమే. చెప్పకుండా, రాత్రిపూట, ఒక వంతెన తెగిపోయిందనుకుని, ఫోన్లు పనిచేయడం లేదనుకుని ఒక్కసారి చేసి చూడండి. బయటపడే లోపాలను కలెక్టరు గదిలో తహసీల్దారు, వీఆర్వో కూడా భయం లేకుండా చెప్పే వీలు కల్పించండి.

ఇక ఆ సముద్రం ఖాళీ జాగా కాదు. ఉప్పాడ నుంచి భైరవపాలెం, అంతర్వేది, నరసాపురం దాకా వేల కుటుంబాలకు అదే పొలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట విరామం ఉంటుంది, ఆ రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. విన్యాసాల కోసం, పరీక్షల కోసం సముద్రం మూసినప్పుడు పోయే రోజులకూ అలాంటి లెక్కే ఉండాలి. ఏ అక్షాంశం నుంచి ఏ అక్షాంశం దాకా అని ఇంగ్లీషులో అంటించే నోటీసు మత్స్యకారుడికి పనికిరాదు. ఏ రేవు నుంచి ఎంత దూరం, ఏ దిక్కు, ఎన్ని గంటల దాకా వెళ్ళకూడదో తెలుగులో, రేవులో మైకులో, మత్స్యశాఖ వాట్సాప్‌లో చెప్పాలి. తెల్లవారుజామున రెండింటికి బోటు తీసేవాడికి ముందురోజు పొద్దుగూకే లోపే ఆ కబురు అందాలి, డీజిలు పోయించుకోక ముందే.