సైన్యం బ్యారక్‌లకు వెళ్లిపోయాక

అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1862 మే 13 తెల్లవారుజామున, దక్షిణాది చేతిలో ఉన్న సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ రేవు నుంచి 'ప్లాంటర్' అనే ఆవిరి ఓడ కదిలినప్పుడు దాని కెప్టెన్ ఓడలో లేడు. ఆ రాత్రి ఒడ్డునే ఉండిపోయాడు. ఆయన గడ్డి టోపీ నెత్తిన పెట్టుకుని ఓడ నడిపించింది రాబర్ట్ స్మాల్స్ అనే ఇరవై మూడేళ్ల బానిస. దారిలో భార్యాబిడ్డలను, తోటి నావికుల కుటుంబాలను ఎక్కించుకుని, సమ్టర్ కోట ఎదుట ఇవ్వాల్సిన ఈల సంకేతాన్ని పొల్లుపోకుండా ఇచ్చి, ఫిరంగుల గురి దాటాక తెల్ల దుప్పటి ఎగరేసి, ఓడను ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు. ఆరేళ్లు తిరిగేసరికి సౌత్ కరోలినా కొత్త రాజ్యాంగం రాసిన సభలో ఆయన సభ్యుడు. 1875లో అమెరికా ప్రతినిధుల సభలో అడుగుపెట్టాడు. బ్యూఫోర్ట్‌లో ఒకనాటి తన యజమాని ఇంటిని తానే కొనుక్కున్నాడు.

అమెరికా చరిత్రలో మలుపులంటే 1776 స్వాతంత్ర్య ప్రకటననో, 1863 లింకన్ విముక్తి ప్రకటననో చెప్పుకోవడం పరిపాటి. నా దృష్టిలో వాటి సరసన నిలవాల్సిన ఏడాది 1877. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ, పౌరసత్వాన్ని, చట్టం ముందు సమాన రక్షణను ఇచ్చిన 14వ సవరణ, జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్న 15వ సవరణ అప్పటికే రాజ్యాంగంలోకి ఎక్కాయి. వాటిలో ఒక్కదాన్నీ ఎవరూ రద్దు చేయలేదు. యుద్ధం తర్వాత దక్షిణాదిలో వాటిని అమలు చేయించే చెయ్యి, అంటే కేంద్ర సైన్యం, మాత్రం ఆ ఏడాది వెనక్కి వెళ్లిపోయింది.

1876 అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్ శామ్యూల్ టిల్డెన్‌కు ప్రత్యర్థి కంటే దాదాపు రెండున్నర లక్షల ఓట్లు ఎక్కువ పడ్డాయి. అయితే గెలుపును తేల్చేది రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లు. వాటిలో ఆయనకు 184, రిపబ్లికన్ రదర్‌ఫోర్డ్ హేస్‌కు 165 రాగా, గెలుపునకు కావలసినవి 185. మిగిలిన 20 ఓట్లు వివాదంలో పడ్డాయి. వాటిలో 19 ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినాలవి. కాంగ్రెస్ నియమించిన పదిహేను మంది కమిషన్ ప్రతి వివాదంలోనూ 8-7 తేడాతో, అచ్చం పార్టీల లెక్క ప్రకారమే, ఇరవై ఓట్లనూ హేస్‌కు కట్టబెట్టింది. దక్షిణాది నాయకులతో తెరచాటున ఏ మేరకు ఒప్పందం కుదిరిందన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం. జరిగింది మాత్రం స్పష్టమే. హేస్ గద్దెనెక్కిన రెండు నెలల్లోపే సౌత్ కరోలినా, లూసియానా రాష్ట్ర ప్రభుత్వ భవనాలకు కాపలాగా ఉన్న సైనికులు బ్యారక్‌లకు వెళ్లిపోయారు, ఆ రెండు చోట్లా నల్లజాతివారి ఓట్లతో నిలిచిన రిపబ్లికన్ ప్రభుత్వాలు కూలిపోయాయి.

నిందంతా హేస్ మీద వేయడం న్యాయం కాదు. 1873 ఆర్థిక సంక్షోభంతో ఉత్తరాది ఓటరుకు దక్షిణాది గొడవ అప్పటికే విసుగు పుట్టించింది. అదే ఏడాది లూసియానాలోని కోల్‌ఫ్యాక్స్‌లో శ్వేతజాతి సాయుధులు పదుల సంఖ్యలో నల్లజాతివారిని చంపారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరితే, 14వ సవరణ కట్టడి చేసేది రాష్ట్రాలనే తప్ప ప్రైవేటు వ్యక్తులను కాదని 1876లో తీర్పు వచ్చింది. అప్పటికి చాలా దక్షిణాది రాష్ట్రాలు పాత పెత్తందార్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి కూడా. అయినా, ఎవరైనా ఫిర్యాదు చేస్తే వాషింగ్టన్ నుంచి సైన్యం వస్తుందేమోనన్న కాస్తంత జంకు అంతవరకూ మిగిలి ఉంది. 1877తో అదీ పోయింది.

ఆ తర్వాత జరిగిన పనంతా కాగితం మీద జరిగింది. నల్లజాతివారి ఓటును కొత్త రాజ్యాంగంతోనే తీసేయడానికి 1890లో మిసిసిపీ దారి చూపింది. 1895లో సౌత్ కరోలినా తన రాజ్యాంగాన్ని తిరగరాయడానికి సభ పెట్టుకుంది. నల్లజాతివారే అధిక సంఖ్యాకులైన ఆ రాష్ట్రంలో, సుమారు 160 మంది ప్రతినిధుల మధ్య వారి తరఫున కూర్చున్నది ఆరుగురు. అందులో ఒకరు, యాభై ఆరేళ్ల స్మాల్స్. ఓటు కావాలంటే రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదివి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పి, నమోదు అధికారికి తృప్తి కలిగించాలి అన్న నిబంధనలో 'జాతి' అన్న మాటే లేదు. తృప్తి పడవలసిన అధికారి ఎవరో అందరికీ తెలుసు. స్మాల్స్ వ్యతిరేకించాడు, ఓడిపోయాడు.

సవరణలు రాతలో ఉన్నంత మాత్రాన చేతికందినట్టు కాదన్న సంగతి ఇటీవల అమెరికాలోని తెలుగు కుటుంబాలకూ కొంత అనుభవంలోకి వచ్చింది. 2025 జనవరి 20న ట్రంప్ జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ జారీ చేసిన ఉత్తర్వు తాత్కాలిక వీసాలపై ఉన్న తల్లిదండ్రుల బిడ్డలకూ వర్తించేలా రాసి ఉండటంతో, ప్రసవానికి రోజులు లెక్కపెట్టుకుంటున్న ఇళ్లలో 1868 నాటి 14వ సవరణ చర్చకొచ్చింది.

స్మాల్స్ 1915లో బ్యూఫోర్ట్‌లో కన్నుమూశాడు. ఓటు హక్కుల చట్టం 1965లో వచ్చింది. సౌత్ కరోలినా నుంచి ఎన్నికైన జార్జ్ ముర్రే పదవీకాలం 1897లో ముగిశాక, ఆ రాష్ట్రం నుంచి మరో నల్లజాతి సభ్యుడు జేమ్స్ క్లైబర్న్ అమెరికా కాంగ్రెస్‌లో ప్రమాణం చేసింది 1993 జనవరిలో.