డి విటమిన్ పొట్లం దగ్గరే ఆగిపోతున్న మాట

ఈ మధ్య ఏ పెళ్లికి వెళ్లినా, ఏ పేరంటానికి వెళ్లినా యాభై దాటిన ఆడవాళ్ల మధ్య ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. "నాకు డి పదకొండే ఉందట." "నాకైతే తొమ్మిది." రక్తపరీక్షలో వచ్చిన విటమిన్ డి అంకెలవి, రెండూ బాగా తక్కువే. ఆ తర్వాత వారానికొక డి పొట్లం పాలలో కలుపుకుని తాగుతున్నామని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎముకల సంగతి అక్కడితో ముగిసిపోతుంది. పరీక్ష చేయించుకున్నారు, అంకె వచ్చింది, పొట్లం వచ్చింది, ఇంకేం కావాలి? నా బాధంతా ఈ "ఇంకేం కావాలి" గురించే. కావలసింది చాలా ఉంది, ఎవరూ అడగడం లేదు.

విటమిన్ డి అవసరం లేదని నేను అనడం లేదు. ఒంట్లో అది చాలినంత లేకపోతే, తిన్న కాల్షియంలో పది పదిహేను శాతం మాత్రమే పేగులు పీల్చుకుంటాయి. డి సరిపడా ఉంటే అది ముప్పై నుంచి నలభై శాతం దాకా పెరుగుతుంది. లోపం మరీ తీవ్రమైతే పెద్దవాళ్లలో ఎముక మెత్తబడుతుంది, పిల్లల్లో కాళ్లు వంకర తిరుగుతాయి. ఎముకలు మెత్తబడిన మనిషిని చూసినవాళ్లు ఎప్పటికీ మరిచిపోరు. తొడల్లో, నడుములో, పక్కటెముకల్లో ఎక్కడ నొక్కినా నొప్పి. పీట మీది నుంచి లేవాలంటే నేలకు చేతులు ఆన్చాల్సిందే. మెట్లు ఎక్కలేరు, ఒళ్లు అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు. వీళ్లను ఏళ్ల తరబడి వాతమని, నరాల బలహీనతని, చివరికి మనసులో రోగమని కూడా తిప్పుతారు. అలాంటివారికి డి, కాల్షియం సరిగా పడితే కొన్ని వారాల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది, కొన్ని నెలల్లో తమంతట తాము లేచి నడుస్తారు. ఇంత చవకగా ఇంత మేలు చేసే మందులు వైద్యంలో ఎన్నో లేవు. కాబట్టి నా తగువు మందుతో కాదు.

ముందు ఎండ సంగతి. "పొద్దున్నే లేత ఎండలో నిలబడండి, డి వస్తుంది" అనే సలహా ఫోన్లలో తిరగని రోజు లేదు. లేత ఎండలో నడక మంచిదే, నిద్రకూ మంచిదే. కానీ దానితో డి దాదాపుగా తయారు కాదు. చర్మంలో డి పుట్టించేది అతినీలలోహిత కిరణాల్లోని బి రకం. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు వాతావరణంలో ఏటవాలుగా చాలా దూరం రావాలి, దారిలోనే ఓజోను వాటిని మింగేస్తుంది. తిరుపతిలో పరిశోధకులు ఈ విషయాన్ని నేరుగా పరీక్షించారు. చర్మంలో ఉండే మూలపదార్థాన్నే చిన్న గొట్టాల్లో పోసి, పగలంతా వేర్వేరు వేళల్లో ఎండకు పెట్టి, ఏ వేళ ఎంత మారుతోందో కొలిచారు. పగలు 11 గంటల నుంచి 2 గంటల మధ్యే ఆ మార్పు బాగా జరిగింది. 2013లో అచ్చయిన ఫలితాలు ఇవి, మన తిరుపతి ఎండవి. అయినా మనం ఇంకా ఉదయం ఆరున్నరకు డాబా ఎక్కి తృప్తి పడుతున్నాం. గడియారం లేకపోయినా గుర్తు సులువు: మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నప్పటి ఎండే డి ఇస్తుంది. అద్దాల కిటికీ వెనక కూర్చుంటే వెచ్చదనం వస్తుంది కానీ డి రాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. మన ఛాయ చర్మానికి తెల్లవాళ్ల కన్నా ఎక్కువ సేపే పడుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మిట్టమధ్యాహ్నం నిలబడమని నేను చెప్పను, వడదెబ్బ ప్రాణం తీస్తుంది. బోస్టన్ లాంటి చోట స్థిరపడిన మనవాళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ వేళ నిలబడినా ఫలితం లేదు. వాళ్లకు ఆ నెలల్లో ఆహారమో మాత్రో తప్ప దారి లేదు.

సరే, మరి పగలంతా ఎండలోనే ఉండేవాళ్ల మాటేమిటి? ఇక్కడే నన్ను నిద్రపోనివ్వని విషయం ఉంది.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయ కూలీలనూ పట్టణవాసులనూ పరీక్షించి 2007, 2008లలో ఆ వివరాలు ప్రచురించారు. పొద్దున ఎనిమిదింటికి పొలంలోకి దిగి సాయంత్రం ఐదింటి దాకా చేతులు, కాళ్లు, వీపు ఎండకు కాగుతూ పనిచేసే మనుషులు వాళ్లు. పట్టణాల వాళ్ల కన్నా వాళ్లలో డి కొంత మెరుగ్గానే ఉంది. కానీ ఆ ఎండంతా కాచిన ఒంట్లో ఉండాల్సినంత లేదు, చాలామందిలో తక్కువే. మరి ఎండ ఏమైంది? జవాబు వాళ్ల కంచంలో దొరికింది. తినే తిండిలో కాల్షియం చాలా తక్కువ, దాన్ని పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు అనే ధాన్యాల్లోని పదార్థాలు ఎక్కువ. కాల్షియం కరువైనప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను ఎక్కువగా వదులుతాయి. ఆ హార్మోను ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగుతుంది, ఒంట్లో దాచుకున్న డి కూడా త్వరత్వరగా ఖర్చయ్యేలా చేస్తుంది. అంటే కంచంలో కాల్షియం లేకపోతే ఎండ ఇచ్చిన డి కూడా నిలవదు. చిల్లికుండలో నీళ్లు పోస్తూ, బావిలో నీళ్లు లేవని అనుకుంటున్నాం.

హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన ఇంటి భోజనాన్ని ఒకసారి ఆ లెక్కలో పెట్టి చూడండి. పాలిష్ పట్టిన వంద గ్రాముల బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములకు మించదు. అదే తూకం రాగుల్లో 350కి దగ్గరగా ఉంటుంది. ఒక గ్లాసు పాలలోనో, కప్పు గడ్డ పెరుగులోనో 240 దాకా వస్తుంది. అన్నం, చారు, ఒక వేపుడు, చివర మజ్జిగ అనే భోజనం రోజుకు రెండుసార్లు తిన్నా ఆ వెయ్యిలో సగం కూడా చేరదు. అందులోనూ గడ్డ పెరుగు ఇంటాయనకు, మీగడ పిల్లలకు, అడుగున మిగిలిన దానిలో నీళ్లు పోసుకున్న మజ్జిగ ఆమెకు. ఆవిడ డి తొమ్మిది ఉండడంలో ఆశ్చర్యం ఏముంది? పాలకూర బాగా తింటున్నానని చెప్పేవాళ్లున్నారు. పాలకూరలో కాల్షియం ఉన్నా, అందులోనే ఉండే ఆక్సలేటు అనే పదార్థం దాన్ని కట్టేస్తుంది, ఒంటికి పట్టేది కొద్దే. రాగుల్లోనూ ఫైటేట్లు ఉన్న మాట నిజమే. కానీ నానబెట్టి, మొలక కట్టి, పులియబెట్టి వండితే అవి తగ్గుతాయి. పులిసిన అంబలి తాగి పొలానికి వెళ్లిన తరాలు ఈ రసాయనశాస్త్రం చదవలేదు గానీ, వాళ్ల వంటలో అది ఉంది. రాయలసీమ సంకటినీ పులిసిన అంబలినీ పేదల తిండి అని పక్కన పెట్టి, రూపాయి బియ్యమే ప్రగతి అనుకున్నాం. ముళ్లతో సహా తినే చిన్న చేపల్నీ వదిలేశాం, నువ్వుల పొడిని పండగలకు పరిమితం చేశాం. 2023లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలకు రాగి జావ మొదలైనప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఎముక గట్టిదనంలో ఎక్కువ భాగం ముప్పై ఏళ్లలోపే కూడుతుంది. ఆ వయసు ఆడపిల్లకు దక్కిన జావ, ఆమె అరవై ఏళ్ల తుంటి ఎముక కోసం చేసిన పొదుపు.

ఇక నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సంగతి చెబుతాను.

ఎముకలు మెత్తబడడం వేరు, గుల్లబారడం వేరు. మెత్తబడిన ఎముకకు డి, కాల్షియం మందు. గుల్లబారిన ఎముకకు అవి ఆధారం మాత్రమే, మందు కాదు. ఆడవాళ్లలో ఎముక గుల్లబారడానికి పెద్ద కారణం ఈస్ట్రోజన్ తగ్గిపోవడం. ఎముకను కరిగించే కణాలను ఆ హార్మోను అదుపులో ఉంచుతుంది. ముట్లు ఆగిన మొదటి కొన్నేళ్లలో ఎముక చాలా వేగంగా తరిగేది అందుకే. మన దేశంలో ముట్లు సహజంగా ఆగే వయసు దాదాపు 46, 47. మరి ముప్పై ఐదేళ్లకే గర్భసంచితో పాటు, ఆ హార్మోనును తయారుచేసే అండాశయాలూ తీసేస్తే? ఆ స్త్రీ ఎముకకు రక్షణ పదేళ్లు ముందే పోయినట్టు.

ఇది మన రెండు తెలుగు రాష్ట్రాల కథ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశ సగటేమో 3 శాతం పైచిలుకు మాత్రమే. దేశంలో మొదటి స్థానాలు మనవే. తెల్లబట్ట అవుతోందని, రక్తస్రావం ఎక్కువైందని వెళితే, "వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు" అన్న ఒక్క మాటతో ఎంతమందిని బల్ల ఎక్కించారో మన పల్లెల్లో ఏ ఇంటిని అడిగినా చెబుతారు. మా మేనత్తకు అలాగే చేశారు, అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. యాభై దాటాక తడిసిన స్నానాల గది గడప దగ్గర జారి తుంటి విరిగింది. ఆసుపత్రిలో రాడ్డు వేశారు, డి తక్కువుందని పొట్లాలు రాశారు, పంపేశారు. మూడు పదుల్లో జరిగిన ఆ ఆపరేషన్ గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అండాశయాలు ఉంచారా తీశారా అన్నది ఆమెకే తెలియదు, ఆనాడు ఎవరూ చెప్పలేదు. తుంటి విరిగాక మనిషి మళ్లీ మునుపటిలా కావడం ఎంత కష్టమో అలాంటివాళ్లకు సేవ చేసిన కోడళ్లకూ కూతుళ్లకూ తెలుసు.

45 ఏళ్ల లోపు రెండు అండాశయాలూ తీసేసిన స్త్రీకి, అడ్డు చెప్పే వేరే జబ్బు లేకపోతే, సహజంగా ముట్లాగే వయసు దాకా హార్మోను చికిత్స గురించి ఆలోచించాలని వైద్య మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. గుల్లబారిన ఎముకకు వారానికి ఒకటి వేసుకునే మాత్రలున్నాయి, ఏడాదికొకసారి ఎక్కించే మందు ఉంది. ఆ మందుకు ముందు డి లోపం సరిదిద్దాలి, లేకపోతే రక్తంలో కాల్షియం పడిపోతుంది. డి స్థానం అక్కడ. అది మొదటి మెట్టు, మనవాళ్లు దాన్నే మేడ అనుకుంటున్నారు. ఇంకో మాట. ఒళ్లు నొప్పులకని పేరు తెలియని మాత్రలు ఏళ్ల తరబడి మింగేవాళ్లు అందులో స్టెరాయిడ్ ఉందేమో తప్పక కనుక్కోండి. అది కూడా ఎముకను తినేస్తుంది.

పొట్లం ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మేలు అనుకోవడం మరో ప్రమాదం. 60,000 యూనిట్ల మోతాదు మామూలుగా వారానికి ఒకసారి, ఎనిమిది వారాల పాటు. దాన్ని రోజూ వేసుకుని వాంతులు, దాహం, మలబద్ధకం, మతి తడబాటుతో, పాడైన మూత్రపిండాలతో ఆసుపత్రికి చేరినవాళ్ల గురించి మన దేశపు వైద్యులే రాశారు. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన స్త్రీలకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయి. 2010లో అచ్చయింది ఆ అధ్యయనం. అమెరికాలో దాదాపు 26 వేల మందిపై జరిగిన పరీక్షలో, లోపం ఉందో లేదో చూడకుండా ఆరోగ్యవంతులకు రోజుకు 2000 యూనిట్లు ఇస్తే ఎముకలు విరగడం ఏమీ తగ్గలేదని 2022లో తేల్చారు. ఇవన్నీ చూశాకే 2024లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ, ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్లకు ఊరికే డి పరీక్ష చేయవద్దని చెప్పింది. ఇక్కడ మాత్రం ప్రతి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలోనూ ముందు వరసలో ఉండేది అదే. ఆ డబ్బుతో ఒక ఇంటికి ఎన్ని నెలల పెరుగు వస్తుందో లెక్క వేయండి.

మీ అమ్మనో అత్తనో వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు డి ఎంతుందని అడిగి ఊరుకోకండి. ముట్లు ఏ వయసులో ఆగాయో, గర్భసంచి ఆపరేషన్ జరిగితే అండాశయాలు ఉన్నాయో లేదో చెప్పండి. ఆనాటి కాగితాలు ఇంట్లో ఏ ట్రంకు పెట్టెలోనో ఉంటే వెతికి పట్టుకెళ్లండి. ఇదివరకటి కన్నా పొట్టిగా అయ్యారేమో, నడుము వంగిందేమో చూడండి. వెన్నుపూస చప్పుడు లేకుండా నలిగిపోయి ఉండవచ్చు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా యంత్రాలు ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే ఉన్నాయి, నిజమే. కానీ వయసు, బరువు, ఇంతకు ముందు విరిగిన ఎముకలు, వాడిన స్టెరాయిడ్లు వంటి వివరాలతో ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ లెక్క భారతీయులకు వేరుగా ఉంది. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, అడిగే ఓపిక చాలు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు వివరాలు రాసుకుంటున్నారు. ఈ ఆపరేషన్లలో దేశానికే ముందున్న రెండు రాష్ట్రాలు, ఆ వివరాల పక్కనే గర్భసంచి ఏ వయసులో తీశారు, అండాశయాలు ఉన్నాయా అన్న రెండు ప్రశ్నలు చేర్చాలి. గర్భసంచి తీశారన్న ప్రతి స్త్రీకీ ఎముకల పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో జరగాలి.