గాలికి ఎగిరిన నాయకత్వం

పెద్ద పదవికి ఎవరు పనికొస్తారో తేల్చే రోజున హెచ్ఆర్ వాళ్ళు గోడకు తొమ్మిది గళ్ళ చార్టు అతికిస్తారు. అడ్డంగా పనితీరు, నిలువుగా పొటెన్షియల్, అంటే ముందుముందు ఎదగగల సత్తా. సీనియర్ మేనేజర్ల పేర్లు పసుపు చీటీల మీద రాసి పెడితే, డైరెక్టర్లు వాదించుకుని గళ్ళలో అతికించాలి. ఈ తతంగానికి క్యాలిబ్రేషన్ అని పేరు.

మొదటి పావుగంటలోనే కుడివైపు పైగడి నిండిపోతుంది. ఎవరి మనిషిని వాళ్ళు అక్కడే పెడతారు మరి! జాగా చాలక చీటీ మీద చీటీ. ఎడమవైపు అట్టడుగు గడి మాత్రం ఖాళీ. అందులో ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళ డైరెక్టర్ ఆ రోజు సెలవన్నమాట.

పనితీరుకు అంకెలుంటాయి, గొడవలేదు. చిక్కల్లా పొటెన్షియల్ దగ్గరే. "టార్గెట్ ఎప్పుడూ దాటేస్తాడండీ" అంటారొకరు. అది పనితీరు కింద ఒకసారి లెక్కయిపోయింది. అదే మార్కు మళ్ళీ నిలువుగా కూడా! "మీటింగులో ఎంత హుందాగా కూర్చుంటాడో" అని ఇంకొకరు. కూర్చోవడానికీ మార్కులే. ఒక్క గుణం నచ్చితే మిగతావన్నీ గొప్పగా కనిపించే ఈ జబ్బును థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1920లోనే సైన్యంలోని అధికారులు కిందివాళ్ళకిచ్చిన మార్కుల్లో పట్టుకున్నాడు. మందు మాత్రం ఇంకా అందరికీ పడలేదు.

ఇంతలో ఎవరికో ఉక్కపోస్తుంది. ఫ్యాను అయిదులో పెడతారు. అప్పటికే ఒక్కో చీటీని నాలుగైదుసార్లు పీకి మార్చారు, జిగురుకు దుమ్ము పట్టింది. పైగా కింది అంచు పట్టుకుని పైకి లాగడంతో చీటీలు చుట్టుకుపోయి ఉన్నాయి (పక్కనుంచి లాగితే చదునుగా ఉంటాయి, కానీ డైరెక్టర్లకు చెప్పేదెవరు?). ఒక్క గాలికి భావి నాయకత్వం మొత్తం నేలమీద.

ఏరి మళ్ళీ అతికిద్దామంటే ఎవరెక్కడున్నారో ఏ ఇద్దరికీ పొంతన కుదరదు. ఫొటో తీయలేదు సరే, చీటీ వెనక ఒక్క ముక్కైనా రాసి ఉంటేగా! కొత్త పని నెత్తిన పడ్డప్పుడు ఈయన ఏం చేశాడు? తప్పు తేలాక దారి మార్చాడా, మొండికేశాడా? ఈయన దగ్గర తయారైనవాళ్ళెవరు? తేదీతో రెండేసి ఉదాహరణలు చాలు. అవి కూడా నోరు విప్పకముందే ఎవరికి వారు రాసుకోవాలి. ముందు ఎండీ గారు మాట్లాడితే తరవాతివన్నీ ప్రతిధ్వనులే. 1956లో అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ మొదలుపెట్టిన అధ్యయనంలో మనుషుల్ని ఉత్తరాల బుట్ట ముందు కూర్చోబెట్టి, ఏది ముందు తీస్తారో, ఏది ఇతరులకు అప్పజెబుతారో గమనించారు. అక్కడ చూసినదానికి మార్కు, ఇక్కడ గుర్తున్నదానికి.

రెండో విడత పది నిమిషాల్లో ముగుస్తుంది. భోజనాల వేళ దాటిపోయింది కదా. గంటసేపు మధ్యగడిలో నలిగినాయన ఈసారి ఎవరూ అడ్డుచెప్పకుండా పైగడికి చేరతాడు.

ఒక చీటీ తగ్గిందని జాబితాతో సరిచూసినప్పుడు గానీ తెలియదు. అది అప్పటికే ఫైనాన్స్ డైరెక్టర్ గారి బూటు కింద అతుక్కుని క్యాంటీన్‌కు బయల్దేరింది.