‘అలాంటిదే’ అంటే చాలదు

ఎముక అతికేదాకా పట్టి ఉంచి, ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే మెగ్నీషియం స్క్రూలు మంచివా కాదా అన్నది మా ప్రశ్న కాదు. మంచివే. స్క్రూ తీయించుకోవడానికి రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కే బాధ తప్పితే, ఎదిగే పిల్లలకు మరీ ముఖ్యంగా, అంతకన్నా కావలసిందేముంది? మా అభ్యంతరమల్లా వాటిని మార్కెట్లోకి వదిలే దారి మీదే.

2023లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మెగ్నీషియం స్క్రూకు ‘డి నోవో’ పద్ధతిలో, అంటే పోల్చడానికి పాత పరికరమేదీ లేని కొత్త రకానికి ఇచ్చే దారిలో, అనుమతి ఇచ్చింది. అందులో మెలిక ఉంది. తర్వాత వచ్చే కంపెనీ తన సరుకూ దాదాపు అలాంటిదేనని చూపి 510(కె) అనే దగ్గరి దారిలో గడప దాటొచ్చు. ల్యాబ్ పరీక్షలు అడుగుతారు గానీ, మనుషుల మీద ట్రయల్స్ చాలాసార్లు అడగరు. డెప్యూ కంపెనీ తయారుచేసిన ఏఎస్‌ఆర్ ఎక్స్‌ఎల్ లోహపు తుంటి కీలు అమెరికాలోకి వచ్చింది ఈ దారినే. లోపాల వల్ల 2010లో కంపెనీ వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకునేసరికి ఏఎస్‌ఆర్ కీళ్లు ప్రపంచవ్యాప్తంగా సుమారు 93 వేలు అమర్చేశారు.

కరగని లోహానికే ‘అలాంటిదే’ చెల్లలేదు. కరిగేదానికి ఎలా చెల్లుతుంది? మెగ్నీషియం నీటితో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది, గ్రాము లోహానికి దాదాపు లీటరు. మెల్లగా కరిగితే ఒళ్లు సర్దుకుంటుంది. వేగం పెరిగితే ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లటి ఖాళీలు కనిపిస్తాయి, ఎముక అతక్కముందే పట్టు సడలుతుంది. బెల్జియం సర్జన్ ఆల్బిన్ లాంబోట్ 20వ శతాబ్దం తొలినాళ్లలోనే ఈ పాఠం నేర్చుకున్నాడు: ఉక్కు మేకులతో బిగించిన మెగ్నీషియం ప్లేటు ఎనిమిది రోజుల్లో చితికిపోయి, చర్మం కింద గ్యాసు నిండింది. కరిగే వేగాన్ని మార్చడానికి పెద్ద తేడా కూడా అక్కర్లేదు. లోహంలో ఇనుము మలినం పది లక్షల్లో కొన్ని వందల పాళ్లకు చేరితే చాలు, తుప్పు అమాంతం రెచ్చిపోతుంది. మిశ్రమం పేరు ఒకటే అయినా రెండు ఫ్యాక్టరీల్లో తయారైన స్క్రూలు ఒకేలా కరుగుతాయన్న హామీ లేదు.

ప్రతిదానికీ మొదటినుంచి ట్రయల్స్ అంటే ఖర్చు తడిసిమోపెడవుతుందని, రోగులకు ఆలస్యమవుతుందని కంపెనీలు అంటాయి. ఖర్చు నిజమే. కానీ గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే, అబాట్ కంపెనీ కరిగే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) స్టెంట్ ‘అబ్సార్బ్’ ఏమైంది? ఏడాది లెక్కలు ఫరవాలేదని 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండు, మూడేళ్ల లెక్కలు తేలేసరికి రక్తం గడ్డల ముప్పు బయటపడింది. 2017లో అమ్మకాలు ఆపేశారు.

పైగా విరిగిన టైటానియం రాడ్డునైతే బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టొచ్చు. కరిగిపోయిన స్క్రూను ఎక్కడ వెతుకుతారు? అందుకే ప్రతి కొత్త మిశ్రమానికీ మనుషుల్లో విడిగా ట్రయల్, అమర్చిన ప్రతి రోగి పేరూ రిజిస్ట్రీలో, కనీసం మూడేళ్ల ఎక్స్‌రేలు అందరి ముందూ ఉండాలి. తమ స్క్రూ మీద అంత నమ్మకమున్న కంపెనీలకు ఆ ఎక్స్‌రేలు చూపించడానికి నొప్పేమిటి? అవి చూడకుండా సంతకం పెట్టే అధికారి రోగిని కాపాడుతున్నట్టా, కంపెనీ పని కానిస్తున్నట్టా?