చూడని నాటకానికి వన్స్ మోర్

జూన్ నెలలో ఒక సోమవారం తెల్లవారుజామున అయిదున్నరకు హైదరాబాద్‌లో రెండు రకాల మనుషులు మేలుకుని ఉంటారు. నల్లా నీళ్ల కోసం మోటారు దగ్గర కాపు కాసేవారు మొదటి రకం. వారి కష్టాల మీద ఇప్పటికే కావలసినన్ని వ్యాసాలు వచ్చాయి. రెండో రకం నాటకాభిమానులు. వీరిని పత్రికలు, ప్రభుత్వాలు, చివరికి కట్టుకున్న భార్యలు కూడా పట్టించుకోవడం లేదు కనుక ఆ భారం నేను తలకెత్తుకుంటున్నాను.

ఆ వేళకు న్యూయార్క్‌లో ఆదివారం రాత్రి ఎనిమిది గంటలు. అక్కడి పెద్ద థియేటర్లలో ఆడే బ్రాడ్‌వే నాటకాలకు, అందులోనూ పాటల నాటకాలకు పెద్దపీట వేస్తూ ఇచ్చే టోనీ అవార్డుల సభ టీవీలో అప్పుడే మొదలవుతుంది. ఆంటోనెట్ పెరీ అనే నటి, దర్శకురాలి పేరు మీద 1947లో పుట్టిన అవార్డులివి. తొలి ఏడాది గెలిచినవారికి పతకాలు లేవు. ఒక ప్రశంసాపత్రంతో పాటు మగవారికి సిగరెట్ లైటరు, ఆడవారికి పౌడరు డబ్బా ఇచ్చి పంపారు. శాలువా కప్పి, పేరు తప్పు పడిన జ్ఞాపిక చేతిలో పెట్టి పంపే మనం ఏమీ తక్కువ తినలేదని పాఠకులు గమనించగలరు. 1967 నుంచి ఈ సభను అమెరికా దేశమంతటా టీవీలో చూపిస్తున్నారు. హైదరాబాద్‌కు మాత్రం అది న్యూజెర్సీ మీదుగా వస్తుంది.

ఎలాగంటే, చిక్కడపల్లిలో ఉండే ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఎడిసన్‌లో ఉన్న కూతురికి వీడియో కాల్ చేస్తారు. ఆ అమ్మాయి ఫోనును టీవీకి ఎదురుగా చక్కెర డబ్బాకు ఆనించి పెట్టి, "చూస్తూ ఉండండి నాన్నగారూ, పప్పు పొయ్యి మీద ఉంది" అని వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఈయన కళ్లజోడు తుడుచుకుని సర్దుకుని కూర్చుంటారు. పోటీలో ఉన్న నాటకం వారు అందరూ కలిసి ఒక పాట ఎత్తుకుంటారు. సరిగ్గా అప్పుడే మనవడు వచ్చి ఫోనుకూ టీవీకీ మధ్య నిలబడి తన ప్లాస్టిక్ రాక్షసబల్లిని తాతగారికి చూపిస్తాడు. ఆ బల్లి తోక పక్కనుంచి ఒక నర్తకి కాలు, ఒక దీపం, ఎవరిదో టోపీ కనిపిస్తాయి. ఉత్తమ నటి పేరు ప్రకటించే సమయానికి మూడు ఈలలు వినిపిస్తాయి. ఈలపాట రఘురామయ్యగారి తర్వాత రంగస్థలం మీద ఇంత శ్రుతిశుద్ధమైన ఈల వినలేదని ఆ సాయంత్రం ఆయన మిత్రులతో అన్నారు. ప్రెషర్ కుక్కర్ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. అనుభూతిని చెడగొట్టడం రసజ్ఞుల లక్షణం కాదు.

మిత్రులంటే సాయంత్రాలు రవీంద్రభారతి బయట టీ కప్పులతో నిలబడే బృందం. అందులో బ్యాంకు పెద్దాయన కాక ఒక తెలుగు మాస్టారు, ఒకప్పుడు పద్య నాటకాలకు హార్మోనియం వాయించిన బాబాయిగారు, గచ్చిబౌలిలో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒక కుర్రవాడు ఉన్నారు. ఆ ఏడాది పోటీకి నిలిచిన నాటకాలలో వీరెవరూ ఒక్కటి కూడా చూడలేదు. అందువల్లనే వీరి తీర్పుకు విలువ ఎక్కువ. నాటకం చూసినవాడికి దాని మీద ఒక్క అభిప్రాయమే ఉంటుంది. చూడనివాడికి ఎన్నయినా ఉండవచ్చు.

చూడకపోవడానికి కారణాలు కూడా గౌరవప్రదమైనవే. బ్రాడ్‌వే అంటే మాన్‌హట్టన్‌లోని 41 థియేటర్లు. టికెట్టు ధర సగటున వంద డాలర్లకు పైమాట. దానికి ముందు వీసా. ఎందుకు వెళుతున్నారని అడిగిన అధికారి ముందు నిలబడి "నాటకం చూడటానికండీ" అని చెప్పి నెగ్గుకురాగల నటుడు మన బృందంలో లేడు. ఎడిసన్ కూతురు కూడా రైలెక్కితే గంటలో చేరిపోయేంత దూరంలోనే ఉంటుంది. "నలుగురం వెళితే నెల సరుకుల డబ్బు నాన్నగారూ" అని ఆమె అన్నాక పెద్దాయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ అవార్డులకు ఉన్న నిబంధన ఒకటి బృందంలో పెద్ద చర్చకు దారి తీసింది. నాటకం ఆడే థియేటర్‌లో కనీసం 500 సీట్లు ఉండాలి.

"ఆ లెక్కన మన రవీంద్రభారతికి నిక్షేపంగా అర్హత ఉంది" అన్నారు మాస్టారు.

"ఉంటే సరిపోతుందా మాస్టారూ, అందులో మనుషులు కూర్చోవాలి కదా" అన్నాడు కుర్రవాడు.

"నిబంధనలో సీట్లన్నారు. మనుషుల ప్రసక్తి లేదు. చట్టాన్ని ఉన్నది ఉన్నట్టు చదవడం నేర్చుకో నాయనా" అన్నారు మాస్టారు. చర్చ అంతటితో ముగిసింది.

ఇక అసలు విషయం జ్ఞాపకాలు. అవార్డుల సభ ముచ్చట అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అది గుర్తు చేసిన సంగతులు మాత్రం రాత్రి చివరి మెట్రో దాకా సాగుతాయి. పద్య నాటకాల్లో కృష్ణుడి వేషానికి పేరుపడ్డ ఇద్దరిలో పీసపాటి నరసింహమూర్తిగారి భావం గొప్పదా, షణ్ముఖి ఆంజనేయరాజుగారి రాగం గొప్పదా అన్న తగవు ఉండనే ఉంది. ఇద్దరూ తీర్పు వినడానికి లేరు కనుక అది ఎప్పటికీ తేలదు. తేలకూడదు కూడా. ఆ తగవు తేలిపోతే బాబాయిగారికి సాయంత్రాలు ఏమీ తోచదు.

కుర్రవాడికి ఒక అనుమానం వచ్చింది. పేరున్న నటులను కాంట్రాక్టర్లు కూడగట్టి ఆడించిన కాంట్రాక్టు నాటకాల రోజుల్లో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడితే పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొక కృష్ణుడు వచ్చేవారట కదా, మరి ఉత్తమ నటుడి అవార్డు ఎవరికి ఇస్తారు? ప్రశ్న గట్టిదే. పడక సీనులో పొట్టిగా, బొద్దుగా నిద్ర లేచిన పరమాత్మ హస్తినాపురం చేరేసరికి ఒక అడుగు పెరిగి, గొంతు మారి, ముక్కు తీరు కూడా మారి సభలో నిలబడేవాడు. ధృతరాష్ట్రుడికి కళ్లు లేవు కనుక అభ్యంతరం చెప్పలేదనుకుందాం. కళ్లున్న ప్రేక్షకులూ చెప్పలేదు. ఇద్దరినీ చూడవచ్చనే కదా బండ్లు కట్టుకుని వచ్చింది! ఈ విషయంలో టోనీవారు మన దారిలోకి రావడానికి 2009 దాకా పట్టింది. ఆ ఏడాది బిల్లీ ఎలియట్ అనే పాటల నాటకంలో ఒకే కుర్రవాడి పాత్రను వంతుల వారీగా వేసిన ముగ్గురు బాలలకు కలిపి ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. అయితే వారు ఒక రోజు ఒకరు చొప్పున వేశారు. ఒకే రాత్రి, ఒకే నాటకంలో, ఒకే కిరీటాన్ని తెర వెనక ఒకరి తల మీది నుంచి ఇంకొకరి తల మీదికి మార్చే సాహసం వారు ఇంకా చేయవలసి ఉంది.

వన్స్ మోర్ దగ్గర కూడా అమెరికావారు వెనకబడే ఉన్నారు. సభలో ఒక్కొక్క నాటకానికి ఒక్క పాటే దక్కుతుంది. అది అవగానే వ్యాపార ప్రకటనలు. మన కాటిసీనులో డి.వి. సుబ్బారావుగారి హరిశ్చంద్రుడు పద్యం ముగిస్తే జనం వన్స్ మోర్ అనేవారు. ఆయన మళ్లీ ఎత్తుకునేవారు. పక్కన శవంగా పడుకున్న పిల్లవాడు ఎన్నో నిద్రలో ఉన్నాడో ఎవరికీ పట్టేది కాదు. చచ్చిపోయిన పాత్రను లేపి పాడించుకుని, మళ్లీ చంపి సాగనంపిన ప్రేక్షకులు మనవారు. ప్రేక్షకుడికి ఇంతటి అధికారం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే చూపించమనండి.

ధ్వని గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. టోనీవారు ధ్వని రూపకల్పనకు ఇచ్చే అవార్డులను 2014లో ఎత్తేసి, విమర్శలు వచ్చాక 2017–18 సీజన్ నుంచి మళ్లీ పెట్టారు. మన దగ్గర ఆ శాఖను మైకు సెట్టువారు నిర్వహిస్తారు. అర్జునుడు ఎడమ చేత గాండీవం పట్టుకుని, కుడి చేత మైకు స్టాండు మర తిప్పి తన ఎత్తుకు సరిచేసుకుంటాడు. ఆయన వెళ్లాక వచ్చిన పొట్టి దుర్యోధనుడు దాన్ని మళ్లీ దించుకుంటాడు. మొదటి వరుసలో కూర్చున్నవారికి కురుక్షేత్రానికి అసలు కారణం రాజ్యం కాదనీ, ఆ మరేననీ అర్థమయ్యేది. ఈ ఘర్షణను పోషించిన మైకు మనిషికి ఇంతవరకు ఒక్క శాలువా కూడా దక్కలేదు.

శాలువాల మాట వచ్చింది కనుక ఆ సాయంత్రం జరిగింది కూడా చెప్పాలి. బృందం బయట ఇలా ప్రపంచ రంగస్థలాన్ని తూకం వేస్తుండగా లోపల నాటికల పోటీ జరుగుతోంది. గోడ మీద బ్యానరు: "ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే". సగం గడ్డం అంటించుకున్న ఒక కుర్రవాడు బయటకు పరుగెత్తుకొచ్చి, "సార్, మొదలుపెడుతున్నాం, దయచేసి లోపలికి రండి, పది మంది కూడా లేరు" అని బతిమాలాడు. మిగతా సగం గడ్డాన్ని చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"వస్తున్నాం బాబూ, నువ్వు కానీ" అన్నారు బ్యాంకు పెద్దాయన ఆశీర్వదిస్తున్నట్టు చెయ్యెత్తి. "బ్రాడ్‌వే సంగతి ఒకటి తేల్చుకుని వస్తాం."

తేలలేదు. బృందం లోపలికి వెళ్లేసరికి నాటిక అయిపోయి సన్మానం మొదలైంది. సన్మానం మాస్టారికే, నాటకరంగానికి ఆయన చేసిన సేవకు. ఆ సేవ ఏమిటో చెప్పడానికి వేదిక మీది పెద్దలందరూ తలా ఇరవై నిమిషాలు తీసుకున్నారు. టోనీ సభలో మాట్లాడేవారు గీత దాటితే ఆర్కెస్ట్రా అందుకుంటుంది, వక్త గొంతు సంగీతంలో కలిసిపోతుంది. ఈ పద్ధతిని ఇక్కడ కూడా పెట్టాలని ఎవరో సూచించగా బాబాయిగారు తల అడ్డంగా ఊపారు. హార్మోనియం శ్రుతి వినిపిస్తే మన వక్తలు ఆపరట, పద్యం అందుకుంటారట. అనుభవం మీద చెప్పిన మాట. అన్నట్టు వేదిక కిక్కిరిసిపోవడంలో మాత్రం రెండు దేశాలూ సమానమే. అక్కడ ఉత్తమ సంగీత నాటకం ప్రకటించగానే నిర్మాతలు పదులకొద్దీ పైకెక్కి నటుల్ని వెనక్కి నెట్టేస్తారు. ఇక్కడ అదే పనిని విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు కలిసి చేస్తారు.

మన కంప్యూటర్ కుర్రవాడి సంగతి వేరు. రంగస్థలం మీద మనుషులు గాలిలో ఎగిరే బ్రాడ్‌వే దృశ్యాన్ని ఫోనులో చూసి అతడికి కన్నీళ్లు వచ్చాయి. "మన దగ్గర ఇలాంటివి ఎప్పటికి వస్తాయండీ?" అని నిట్టూర్చాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన సురభి వారి నాటకంలో నారదుడు మేఘాల మీది నుంచి తాళ్ల మీద దిగుతాడనీ, బాణాలు నిప్పులు కక్కుతూ గాలిలో ఢీకొంటాయనీ, ఆ కుటుంబాల కాలనీ శేరిలింగంపల్లిలో అతడి ఆఫీసుకు కూతవేటు దూరంలో ఉందనీ చెబితే ఎంతో సంతోషించాడు. అంత దగ్గరే కదా, ఎప్పుడైనా వెళ్లవచ్చన్నాడు. ఇంకా వెళ్లలేదు. అంత దగ్గర మరి.

2023 ఏప్రిల్ 16న బ్రాడ్‌వేలో అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆడిన ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా 13,981 ప్రదర్శనల తర్వాత తెర దించింది. అదే రోజు కందుకూరి వీరేశలింగంగారి జయంతి, మన తెలుగు నాటకరంగ దినోత్సవం. బృందం రెండింటినీ ఒకే సభలో జరిపింది, ఒకే పూలదండతో. ఆ నాటకం ముప్పై అయిదేళ్లు ఆడిందని కుర్రవాడు ఆశ్చర్యపోతే మాస్టారు మందలించారు: "మనది ఒక్క రాత్రే ఆడుతుంది. దాని గురించి ముప్పై అయిదేళ్లు మాట్లాడుకుంటాం. లెక్క సమానమే."

ఈ మాట నుంచే బృందానికి సొంత అవార్డు ఆలోచన పుట్టింది. నాటకానికి, నటుడికి ఇచ్చేవారు చాలామంది ఉన్నారు కనుక ఇది ఉత్తమ జ్ఞాపకానికి. నియమాలు కూడా రాసుకున్నారు. జ్ఞాపకం చెప్పేవారు "ఇప్పుడేముందండీ" అని మొదలుపెట్టాలి. నాటకం తెల్లవారే దాకా సాగి ఉండాలి. నటుడు కాలం చేసి ఉంటే అదనపు మార్కులు. అభ్యర్థి వయసు ధ్రువీకరణ అడగకూడదు.

మొదటి దరఖాస్తు మలక్‌పేట నుంచి వచ్చింది. 1946లో కన్నుమూసిన బళ్లారి రాఘవగారి నటనను కళ్లారా చూశానని రాసిన ఆ పెద్దమనిషి పుట్టింది 1953లో. న్యాయనిర్ణేతలు దాన్ని రెండుసార్లు చదివి, వర్ణన అద్భుతంగా ఉందని మెచ్చుకున్నారు. రాఘవగారు చూసిన చూపు, సర్దుకున్న ఉత్తరీయం అన్నీ నమ్మదగినట్టే ఉన్నాయన్నారు. చివరి పేరాలో మాత్రం ఆ నాటకానికి డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని వెళ్లానని ఆయన రాశారు. ఇది బొత్తిగా నమ్మశక్యంగా లేదని దరఖాస్తును తిప్పి పంపారు.